పోస్టరుకు పసుపు బొట్టు

అంజయ్యకు సంగీతం చెవికెక్కదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే న్యూయార్క్‌కు రైలు దూరంలోని ప్లెయిన్స్‌బరోలో ఆయన అపార్ట్‌మెంటుకు వచ్చినవాళ్లంతా గోడలు చూసి, ఈయనెవరో రాక్ సంగీతం పిచ్చోడనుకుంటారు. హాల్లో, బెడ్‌రూమ్‌లో, చివరికి బాత్రూమ్‌కు వెళ్లే దారిలో కూడా అరవైల నాటి కచేరీల పోస్టర్లే. నారింజ మీద గులాబీ, గులాబీ మీద చిలకపచ్చ, కళ్లు మూసుకున్నా పోని రంగులు. అక్షరాలైతే బెల్లం పాకంలా సాగి ఒకదాని మీదికొకటి కారుతుంటాయి. ఆ పాటలు ఆయన ఒక్కటీ పూర్తిగా వినలేదు. విన్న కాస్తకే తలనొప్పి వచ్చింది.

ఆయనకు కావలసింది ఆ అక్షరాలే. చదువుకోడానికి వచ్చిన కొత్తలో సన్నీవేల్‌లో ఎవరింటి ముందో గ్యారేజీ సేల్‌లో మొదటి పోస్టరు కొన్నాడు. బస్టాపులో విప్పి, అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి, దాంతో కుస్తీ పడుతూ బస్సు వదులుకున్నాడు. చివరికి ఆ గీతల్లోంచి ఒక్క మాట బయటికి రాగానే పసిపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. ఇప్పుడు చేస్తున్నది మందుల కంపెనీలో లేబుళ్లు సరిచూసే ఉద్యోగం. పొద్దస్తమానం బుద్ధిగా వరసలో నిలబడ్డ అక్షరాలను చూసి చూసి ఇంటికొచ్చినవాడికి, చెప్పిన మాట వినని అక్షరాలు కనబడితే ప్రాణం లేచి వచ్చేది.

పోనుపోను మార్కెట్ కూడా వంటబట్టింది. మొదటి ముద్రణదే అసలైన ధర. బొమ్మ గీసినవాడి సంతకం ఉంటే ఆ ధర ఎన్నో రెట్లు. మడత పడ్డా, పిన్ను గుచ్చిన బెజ్జం ఉన్నా సగానికి సగం కోత. అందుకే సంతకాలున్నవే ఏరి కొని, ప్లాస్టిక్ తొడుగులు వేసి, చంటిపిల్లల్లా చూసుకునేవాడు.

ఆయన భార్య దమయంతికి ఇదంతా ఒళ్లుమంట. దసరాకు ఆమె కారుకు, లాప్‌టాప్‌కు, రైస్ కుక్కర్‌కు, ఆఖరికి మంచు తోసే పారకు కూడా పసుపు కుంకుమ పెట్టేది. పోస్టర్ల జోలికి మాత్రం పోయేది కాదు.

"ఇంట్ల వస్తువులకు వెడ్తం గని చెత్తకు వెడ్తమా?" అనేది. "ఒక్కటన్న అమ్మి చూపెట్టుండ్రి, అప్పుడు నమ్ముత."

అంజయ్య నవ్వేసేవాడు గానీ లోపల కలుక్కుమనేది. సొంత ఇంట్లో ఇన్నేళ్లు వెర్రివాడిగా బతకడం చిన్న కష్టం కాదు.

ఈ వేసవిలో వాళ్లమ్మాయి నైనిక, కాలేజీ పిల్ల, నాన్నకు చెప్పకుండా గోడ మీది పోస్టర్లలో నీలం రంగుదొకటి ఫోటో తీసి న్యూయార్క్‌లో ఒక వేలం సంస్థకు పంపింది. జవాబొచ్చింది: మొదటి ముద్రణే, పెన్సిల్ సంతకం అసలుదిగానే ఉంది, ఫోటోలో ఉన్నట్టే మచ్చ లేకుండా ఉంటే ఇరవై వేల డాలర్లు పలకొచ్చు, తీసుకురండి.

"డాడ్, దే ఆర్ సీరియస్. నువ్వు వెళ్లాలి," అంది నైనిక.

దమయంతి ఆ మెయిల్ రెండుసార్లు చదివింది. టీ పెట్టి తెచ్చి, ఆయన ఎదురుగా కూచుని, ఆ నీలం పోస్టరు చూపిస్తూ, పెళ్లయ్యాక మొదటిసారి అడిగింది.

"ఇందుల ఏం రాసుంది?"

అంజయ్య తొడుగు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూపించాడు.

"అరె, గిది 'ఆర్' అక్షరమా!" అని ఆమె పకపకా నవ్వింది. అంజయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పోస్టరు పోతే పోనీ, ఈ చూపు నిలిస్తే చాలనుకున్నాడు.

బయల్దేరే రోజు ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆమె పోస్టరును సర్ది, అట్టల మధ్య పెట్టి సిద్ధంగా ఉంచింది. రైలెక్కి వెళ్లాడు. వేలం సంస్థలో ధర కట్టే తెల్లజుట్టు పెద్దావిడ తొడుగులోంచి పోస్టరును మెల్లగా లాగి, ఆగిపోయింది.

నాలుగు మూలలా తడి పసుపు. సంతకం పక్కన ఇంత బొట్టు, దాని మీద కుంకుమ. తొడుగులో ఒత్తుకుని ఆ తడి పెన్సిల్ గీతల మీదికంతా పాకింది. శుభలేఖకు పెట్టినట్టు పెట్టింది దమయంతి. ఇన్నేళ్లకు ఆమె లెక్కలో అది చెత్త కాదు, వస్తువు. అది అర్థమయ్యాక అంజయ్యకు కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేకపోయింది.

"ఏమిటిది?" అని పెద్దావిడ ఇంగ్లీషులో అడిగింది.

"దీవెన," అన్నాడు అంజయ్య.

ఆమె జాలిగా చూసింది. రంగు కాగితంలోకి ఇంకిపోయిందనీ, తీయబోతే సంతకమే పోతుందనీ, దీన్ని వేలానికి తీసుకోలేమనీ చెప్పింది.

స్టేషన్‌లో ఉండగా దమయంతి ఫోన్ చేసింది.

"ఏమన్నరు? పసుపు వెట్టిన, చూసిండ్రా? మొదట్నుంచి వెట్టాల్సింది. ఇన్నేండ్లు మిమ్మల్ని ఊకె అన్న, నాదే తప్పు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట విన్నాక దాన్ని కక్కలేడు, మింగలేడు.

"చూసిన. మస్తుగున్నదన్నరు," అన్నాడు. "మార్కెట్ డౌన్ ఉందట. కొన్ని రోజులాగి అమ్ముదమన్నరు."

ఇంటికొచ్చి తలుపు తీసేసరికి గోడలు బోసిగా ఉన్నాయి. ఫ్రేములూ తొడుగులూ ఓ మూల పడున్నాయి. కార్పెట్ నిండా పోస్టర్లు, ప్రతిదానికీ నాలుగు మూలలా పసుపు, సంతకం పక్కన బొట్టు. మధ్యలో గిన్నె పట్టుకుని దమయంతి.

"ఒక్కదానికి వెట్టి తక్కినవాటికి వెట్టకుంటే మంచిగుండదు గదా. అన్నిటికీ అయింది, ఇదొక్కటే మిగిలింది. మీ చేత్తోని వెట్టుండ్రి."

అంజయ్య ఆమె పక్కనే కూలబడ్డాడు. ఒక్క మాట అంటే ఈ ఒక్కటైనా దక్కుతుంది. అనడానికి నోరు తెరిచాడు.

"దీంట్ల రెండో లైన్ నేనే చదివిన తెల్సా, మీరు చెప్పకుండనే," అంది ఆమె, వేలితో ఆ అక్షరాల వెంట మెల్లగా పోతూ.

అంజయ్య ఉంగరపు వేలు పసుపులో ముంచి, ఫ్రేము కింద దాగిపోయేంత అంచున చిన్న చుక్క పెట్టాడు.

"గంత కొసకు ఎవరికి కనవడ్తది? సంతకం పక్కన వెట్టుండ్రి."

అంజయ్య వేలు మళ్లీ గిన్నెలో ముంచాడు.