అక్కను ‘అపా’ అన్న పిల్ల

మా చెల్లెలు సులభా అంత మొండిఘటం ఈ సోన్‌పూర్ నేతగాళ్ల వీధిలోనే లేదు. భువనేశ్వర్‌లో భూగర్భశాస్త్రం చదవడానికి దానికి సీటొచ్చిందని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నాం. మూడు నెలలు తిరక్కుండానే ఫోన్‌లో ఒకటే ఏడుపు. హాస్టల్లో పెద్దపిల్లల్ని మనవైపు అక్కను పిలిచినట్టు ‘నానీ’ అంటే పకపకా నవ్వారట. కూరకని మేం పంపిన ఎండు వెదురు కొమ్ములు కంపు కొడుతున్నాయని బయట పారేశారట.

“పారేస్తే చూస్తూ ఊరుకున్నావా? నోరు లేదుటే నీకు?” అన్నాను.

“నువ్వొచ్చి అడుగు!” అని ఫోన్ పెట్టేసింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చింది. నేను రంగు వేయబోయే నూలుకు కట్లు కడుతున్నాను. గుమ్మంలో సంచీ పడేసి, “అపా!” అంది.

అది అక్కకు కటక్, భువనేశ్వర్ వాళ్ల పిలుపు. మా ఇంట పుట్టినవాళ్లెవరూ ఆ మాట అనలేదు. అమ్మ చేట కింద పెట్టి మరీ నవ్వింది. “ఓసి నీ అఘాయిత్యం కూల! అప్పుడే కటక్ దొరసానివి అయిపోయావుటే?” సులభా మొహం మాడిపోయింది. ఆ పిలుపుకు నాకు మాత్రం ఒళ్లు మండింది.

అన్నాల దగ్గర ఒక కాగితం తీసింది. ఇక్కడి కాలేజీకి మారిపోతుందట. ఇక్కడ దాని చదువు లేదు, చరిత్ర చదువుకోవాలి. శనివారం లోపల నాన్న సంతకం కావాలి. నాన్న అప్పుడే కళ్లజోడు వెతుక్కుంటున్నాడు. నేను కాగితం లాక్కున్నాను.

“నీకేం పోయిందే? నీ కంచంలో అన్నం అడిగానా?” అంది.

“అక్కడ నవ్వారని ఇక్కడికొచ్చావు. ఇక్కడ అమ్మే నవ్వింది. ఇంకెక్కడికి పోతావ్?”

“నిన్ను ఎనిమిదితో మాన్పించారని నా మీద కుళ్లు!”

“అవునే, కుళ్లే! నన్ను మగ్గం దగ్గర కూలేసి నిన్ను పంపారు. నువ్వేమో సీటును కాలితో తంతున్నావ్.”

“పోనీలేవే, పిల్ల బెంగపెట్టుకుంది” అంది అమ్మ. నాన్న నా మొహం చూశాడు. నేను కాగితం వదల్లేదు.

సులభా చెయ్యి కడుక్కుని లేచింది. “చించెయ్, నాకక్కర్లేదు. అక్కడే చదువుతాను. ఏడవడానికి మాత్రం ఈ గడప తొక్కను” అని మూడు గంటల బస్సుకే వెళ్లిపోయింది. మజ్జిగ తాగి పొమ్మని అమ్మ వీధి చివరిదాకా పరిగెత్తింది. నేను కదల్లేదు.

నిజం చెప్పాలంటే, అది వచ్చేస్తే బాగుండునని నాకూ ఉంది. నా పక్కన కూర్చుని వాగేవాళ్లు ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఏడాది దాటింది. దానికి క్లాసులో మొదటి మార్కులట, అమ్మ చెబితే తెలిసింది. నిన్న అమ్మ ఫోన్ మోగితే నేనెత్తాను. సులభాయే. ‘హలో’ అనగానే నా గొంతు పోల్చుకుంది.

“అమ్మకి ఇస్తారా అండీ?” అంది.

ఇచ్చాను.