రెండు బండ్లకు నేను చెప్పిన తీర్పు

పదిహేనేళ్లు నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి దగ్గర డ్రైవరుగా పనిచేశాను. ఆయనకు మగ్గాలుండేవి, బజారులో అంగడి ఉండేది, ఇంటి ముందర ఒక తెల్ల కారు ఉండేది. అవి ఆ వీధిలో చాలామందికి ఉన్నవే. ఎవరికీ లేనిది మాత్రం ఒకటుండేది. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో ముదురు నీలం రంగు కారు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని మోజుపడి కొనుక్కొచ్చాడు. ఇట్లాంటి బండ్లను గ్రాండ్ టూరర్ అంటారని, పొద్దున ఒక రాష్ట్రంలో కూర్చుంటే సాయంత్రానికి ఇంకో రాష్ట్రంలో ఒళ్లునొప్పి లేకుండా దిగడానికి చేసినవని ఆయనే నాకు చెప్పాడు.

దాంట్లో వెనక సీట్లు పేరుకే. చీరల మూటలు తప్ప మనిషి పట్టడు. అందువల్ల యజమాని వెనక, డ్రైవరు ముందు అనే పద్ధతి ఆ బండిలో సాగలేదు. ఎప్పుడూ పక్కపక్కనే కూర్చున్నాం. సగం దూరం నేను, సగం దూరం ఆయన. కంచికి, సేలానికి, రెండుసార్లు కన్యాకుమారికి పోయాం. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. వానలు పడక మా నాయన వేరుశెనగ చేను ఎండిపోయిన ఏడాది, ఆ బాధ నేను మొదట చెప్పుకున్నది ఆ బండిలోనే. తన అన్నదమ్ముల తగాదా ఆయన ఇంట్లో కూడా చెప్పకముందు నాకు చెప్పాడు. ఒకసారి ఇంజను మొత్తం విప్పి బాగుచేయించాల్సి వచ్చింది. మూడు వారాలు బెంగళూరులో మెకానిక్ షెడ్డు దగ్గరే పడుకున్నాను. బండి తెచ్చిన రోజు బానెట్ మీద చెయ్యేసి ఆయన అన్నాడు: "ఇది నాదీ నీదీ రా. దీన్ని ఏం చేయల్లన్నా నీకు చెప్పే చేస్తా."

నేను అడగలేదు ఆ మాట. తనంతట తానే అన్నాడు.

పోయిన ఏడాది ఆయన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. రెండు సీట్లది, ఎర్రది. బటన్ నొక్కితే పైకప్పు దానంతట అదే మడుచుకుని వెనక్కి పోతుంది. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. నాకు లోపల నవ్వొచ్చింది. మా ఎండలకు నెత్తిన గుడ్డ లేకుండా చేనుకు కూడా పోము, ఇంక కప్పు తీసి కారెవరు నడుపుతారు?

దీపావళి దాటిన వారంలో ఆయన నన్ను అంగడి లోపలికి పిలిచాడు.

"ఏమప్పా, రెండూ పెట్టుకోని ఏం చేస్తాము? పెట్రోలు బండి చేసే పనంతా ఈ ఎలక్ట్రిక్ దాంతో అయితాదంటాండారు అందరూ. అయితాదో లేదో నువ్వే చెప్పల్ల. ఆదివారం రెండూ తీసకపోదాం. కదిరి, గోరంట్ల మీదుగా కొడికొండ చెక్‌పోస్ట్ దాకా. రెండూ నువ్వు నడుపు. ఏది ఉంచల్లో నీ మాట ప్రకారమే."

ఆ నాలుగు రోజులు నాకు వేరే ధ్యాస లేదు. నీలం కారును రెండుసార్లు కడిగాను, టైర్లలో గాలి చూశాను. అంతకంటే ఎక్కువగా నా మనసును సరిచేసుకున్నాను. పాతదాని మీద ప్రేమతో కొత్తదానికి అన్యాయం చేయకూడదనుకున్నాను. నా మాట మీద ఒక బండి ఉండడం, పోవడం ఆధారపడి ఉందంటే పక్షపాతం పనికిరాదు.

ఆదివారం పొద్దున ఆరుకు బయలుదేరాం. రాత్రి కరెంటు పోయి ఎర్రదాని చార్జింగు సగంలోనే ఆగింది. "ఇదీ ఒక పరీక్షేలే" అన్నాడు ఆయన. తను ఎర్రదాంట్లో ముందు, నేను నీలందాంట్లో వెనక. ముదిగుబ్బ దాటినాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. ఇంజను శబ్దానికి తప్పుకోవడం గొర్రెలకు అలవాటే. ఎర్ర కారు చప్పుడు లేకుండా వాటి మధ్యకు పోయి నిలబడింది. ఒక్కటీ కదల్లేదు. గొర్రెలకాపరి వచ్చి, కప్పు తెరిచి ఉన్న కారులోకి వంగి చూశాడు.

"సప్పుడు చేయకుండా వస్తే వాటికెట్ల తెలుస్తాదప్పా? మంచి బండే కొన్నావు గానీ, దానికో గంటన్నా కట్టుకో!"

మా యజమాని పడీపడీ నవ్వాడు. నేనూ దిగి నవ్వాను.

కదిరిలో బండ్లు మార్చుకున్నాం. గోరంట్ల దాకా ఎర్రది నేను నడిపాను. నిజం చెప్పాలి, ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ దారిలో పదిహేనేళ్లుగా పోతున్నాను. పెరికి కుప్పలేసిన వేరుశెనగ కట్టె వాసన ఏనాడూ కారులోకి రాలేదు. చేలగట్ల మీద కౌజుపిట్టల కూతలు వినలేదు. రోడ్డు పక్క నడిచిపోతున్న ఆడమనిషి "యాడికప్పా ఇంత పొద్దున్నే?" అని అడిగితే, బండి ఆపకుండానే "గోరంట్లకు పోతాండా అక్కా" అని జవాబు చెప్పాను. కాలితో కొంచెం నొక్కితే చాలు, బండి వెనక నుంచి ఎవరో తోసినట్టు పోయింది. గేరు లేదు, అదురు లేదు. ఇది తక్కువ బండి కాదని అప్పుడే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు నీలందాన్ని మోసం చేస్తున్నట్టు కూడా అనిపించింది.

తొమ్మిదిన్నరకు ఎండ ముదిరి కప్పు మూయాల్సి వచ్చింది. మూసి ఏసీ పెట్టగానే బ్యాటరీ అంకె గబగబా దిగడం మొదలైంది. గోరంట్ల దగ్గర పెట్రోలు బంకు పక్కన చార్జింగు పెట్టే చోటుంటే ఆపాం. ఒక మిషను పనిచేయడం లేదు. రెండోదాని దగ్గర ఇంకో కారు ఉంది. అది పోయి, మాది నిండేసరికి గంటన్నర.

ఆ గంటన్నరా వేపచెట్టు నీడలో నిలబడి ఆయన నన్ను ప్రశ్నలు అడిగాడు. ఎన్ని ప్రశ్నలో! కప్పు గుడ్డ మన దుమ్ముకు ఎన్నాళ్లుంటుంది? దూరం పోతే నడుము ఏ సీటులో బాగుంటుంది? రెండింటి డిక్కీలు తెరిపించి చీరల సంచి పెట్టి చూశాడు. నీలందాంట్లో నాలుగు సంచులు పడతాయి, ఎర్రదాంట్లో కష్టమ్మీద రెండు. నేను చెప్పే ప్రతి మాటకూ తల ఊపాడు. చివరికి, "సరే, ఇంక నీ తీర్పు చెప్పు" అన్నాడు.

నేను ఆలోచించుకునే చెప్పాను.

"అన్నా, మన చుట్టుపక్కల తిరిగేదానికి ఇదే మేలు. పొద్దునపూట, సాయంత్రం పూట దీనికి సమానం ఏదీ లేదు. అబద్ధమెందుకు, నాకు మనసైంది. కానీ కన్యాకుమారికి పోవల్లంటే దీంతో కాదు. ఇట్ల గంటలు గంటలు చెట్టుకింద నిలబడల్ల. అది అయిదు నిమిషాల్లో ట్యాంకు నింపుకోని పోతాది. ఇంకో అయిదేండ్లకు ఈ మిషన్లన్నీ సరిగ్గా వచ్చినాక ఇది దాని జాగాలో కూర్చుంటాది. అంతవరకు పెద్దదాన్ని ఉంచుకో. నా మాట అంతే."

"బాగా చెప్పినావు" అన్నాడు ఆయన. నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత వివరంగా ఇంకెవరూ చెప్పరు."

అక్కడినుంచి కొడికొండ దాకా నీలందాన్ని నేనే నడిపాను. అంత సంతోషంగా దాన్ని ఎప్పుడూ నడపలేదు. దాన్ని నేనే కాపాడాననుకున్నాను.

చెక్‌పోస్ట్ దాటగానే హైవే పక్క పెద్ద హోటలు ఉంది. ఆయన అక్కడ ఆపితే నేనూ పక్కన ఆపాను. టోపీ పెట్టుకున్న నలభయ్యేళ్ల మనిషి ఒకతను టీ గ్లాసు వదిలేసి నవ్వుకుంటూ నీలం కారు దగ్గరికి వచ్చాడు. బానెట్ తడిమాడు.

"వచ్చేసింది నా బండి! పది దినాల నుంచి కాచుకోని ఉండానప్పా" అన్నాడు కన్నడ యాసలో. "మీ సారు చెప్పినారు, కొత్తవాళ్లకు ఇయ్యను, మా డ్రైవరే భద్రంగా తెచ్చి ఇస్తాడని."

నాకు మొదట అర్థం కాలేదు. ఇంకెవరి బండి గురించో అనుకుని మా యజమాని వైపు చూశాను. ఆయన ఎర్ర కారులోంచి దిగకుండా ఫోను చూస్తున్నాడు. టోపీ మనిషి సంచిలోంచి కాగితాలు తీశాడు. సంతకాలు అయిపోయి ఉన్నాయి. ఆ సంతకం నాకు బాగా తెలుసు. కింద వేసిన తేదీ దీపావళికి ముందరిది. అంటే నన్ను అంగడి లోపలికి పిలిచి "నీ మాట ప్రకారమే" అన్ననాటికే బండి అమ్ముడైపోయింది.

"తాళం?" అని చెయ్యి చాపాడు అతను.

ఇచ్చాను. అంతటితో పోలేదు. ఎట్లా చూసుకోవాలో చెప్పమని అడిగాడు. చెప్పాను. పొద్దున స్టార్టు చేసినాక రెండు నిమిషాలు ఆగాలని, ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను వేడి చూపే ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచాలని, ఎడమ తలుపు కొంచెం ఎత్తి మూయాలని. నా గొంతు మామూలుగానే ఉంది. లోపలినుంచి నా తుండుగుడ్డ, నీళ్ల సీసా, టైర్లలో గాలి కొలిచే మీటరు తీసుకున్నాను. అతను కూర్చుని స్టార్టు చేసి బెంగళూరు వైపు తిరిగాడు. ఆ ఇంజను శబ్దం చాలాసేపు వినబడింది.

"రా, ఎక్కు" అన్నాడు మా యజమాని.

బస్సులో పోతాననాలనిపించింది. అనలేకపోయాను. ఎక్కాను. తుండుగుడ్డ ఒళ్లో పెట్టుకుని పెనుకొండ దాకా రోడ్డే చూశాను. ఆ బండిలో చప్పుడు లేకపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా ఊపిరి నాకే కాదు, ఆయనకూ వినబడుతోంది. చివరికి ఆయనే అన్నాడు.

"చెప్పింటే నువ్వు ఏడుస్తావనే చెప్పలేదు రా. బండి తోలుకపోనని కూడా అంటావు. అది నీ చేత్తోనే పోతే బాగుంటాదని అనుకున్న్యా."

"మరి నన్ను తీర్పు ఎందుకు అడిగినారు?"

పదిహేనేళ్లలో బండిలో ఉండగా ఆయనను 'మీరు' అనడం అదే మొదలు. ఆయన గమనించాడు.

"ఊరికే అడిగినా. మాటలాడుకుంటా పోతామని. నువ్వు అంత పట్టిచ్చుకుంటావని నాకేం తెలుసు?"

అదీ ఆయన చెప్పిన జవాబు. బండి ఆయనది, అమ్ముకునే హక్కు ఆయనది. ఆ రోజూ కాదనలేదు, ఈ రోజూ కాదనను. కానీ చెట్టుకింద గంటన్నర నిలబడి, డిక్కీలో సంచులు పెట్టించి, నేను చెప్పేదానికి తల ఊపుతూ ఉన్నప్పుడు ఆయన మనసులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. నవ్వుకున్నాడేమో. జాలిపడ్డాడేమో. రెండూ ఒకటే నాకు.

నెలాఖరు దాకా పని చేసి మానేశాను. ఇప్పుడు కదిరిలో ఒక స్కూలు బస్సు నడుపుతున్నాను. బ్యాటరీ బండ్లు పెట్రోలు బండ్లను నిజంగా మింగేస్తాయా అని అప్పుడప్పుడు పిల్లల నాన్నలు అడుగుతుంటారు. గోరంట్లలో చెప్పిందే చెబుతాను. కోపం కొద్దీ దాన్ని మార్చలేదు. ఆ ఎర్ర కారు మంచి బండి.

ఈ ఎండాకాలం ఆయన ఫోను చేశాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"నువ్వన్నదే నిజమైంది రా. దూరం పోయేదానికి దీంతో కాలేదు. బెంగళూరులో ఇంకో పెట్రోలు బండి చూసినా. నువ్వొచ్చి నడిపి చూసి చెప్పు. నువ్వు సరే అంటేనే కొంటా."

బస్సు పని ఉంది, కుదరదు అన్నాను. ఆ రోజు స్కూలుకు సెలవు.

మా ఆమె వంటింట్లోంచి, "ఎవరు?" అని అడిగింది.

"ధర్మవరం ఆయన."

"పిలిచినాడా? పోతావా?"

"పోను" అని చెప్పి, ఫోను మంచం మీద పెట్టి, స్నానానికి లేచాను.