డోమితిలా ఫిర్యాదు కాగితం

హోటల్లో కూర్చోగానే అందరూ మెనూ అడుగుతారు. మా డోమితిలా ఫిర్యాదు కాగితం అడుగుతుంది.

మా దేశంలో మంగలి షాపైనా మ్యూజియమైనా, ఎవరడిగినా ఆ కాగితం ఇచ్చి తీరాలని చట్టం. మా ఊరు పలెన్సియాలో స్నేహితులందరి అనుమానం ఏమిటంటే, ఆ చట్టం ఈవిడ ఒక్కదాని కోసమే చేశారని. పళ్ళ డాక్టరు దగ్గర నోటినిండా దూది ఉండగానే సైగలు చేసి అడిగింది. మా స్నేహితురాలు కసిల్దా భర్త పోయినప్పుడైతే మరీ ఘోరం. శవపేటిక గుంటలోకి దిగుతుంటే, అంత్యక్రియల కంపెనీ మేనేజరు భుజం తట్టి, "బాబూ, ఫిర్యాదు కాగితం తెచ్చావా?" అంది. ఫాదర్ ప్రార్థన మధ్యలో మరిచిపోయాడు.

అలాంటప్పుడల్లా మేం చేసే పని ఒక్కటే. ఆవిడెవరో మాకు తెలియనట్టు బయటికి పరుగెత్తడం.

కసిల్దాకు డెబ్బై నిండిన రోజున మేం నలుగురం, అంటే డోమితిలా, కసిల్దా, విసీ, నేను, మాడ్రిడ్ బస్సెక్కాం. దారిలో సెగోవియాలో మూడు గంటలు ఆపుతారు. దిగగానే రోమన్ల నీటి వంతెన కింద నిలబడి డోమితిలా పైకి చూసింది.

"ఏమే, ఈ రాళ్ళ మధ్య సున్నం పెట్టలేదా?"

"లేదే."

"అయ్యో! దీనికి కాగితం ఎవరి దగ్గర దొరుకుతుంది?"

"రోమన్ల దగ్గర. వాళ్ళు వెళ్ళి చాలా కాలమైంది, నడువు," అని విసీ చెయ్యి పట్టి లాక్కుపోయింది.

భోజనానికి మేడమీద గదిలో కూర్చున్నాం. కసిల్దా పాలుతాగే పందిపిల్ల రోస్టు తెమ్మంది. వడ్డించే ఆయన పేరు ఒనొరాతో. అరవై దాటిన మనిషి, చొక్కా మల్లెపువ్వులా ఉంది. రొట్టె పెట్టాడు, వైను పోశాడు, కసిల్దా చెయ్యి ముద్దుపెట్టుకుని పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు. ముప్పావుగంట గడిచినా వంకపెట్టడానికి ఏమీ లేదని నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"అయ్యా," అంది డోమితిలా, "ఫిర్యాదు కాగితం తెచ్చిపెట్టు."

ఒనొరాతో సీసా బల్ల మీద పెట్టేశాడు. "అమ్మగారూ, నావల్ల పొరపాటేదైనా జరిగిందా? ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాను. ఇప్పుడు నా మీద కాగితం పడితే..."

"తెచ్చిపెట్టు నాయనా."

విసీ సంచీ అందుకుంది. "లేవండే, పోదాం. దీనికి బుద్ధి లేదు."

"నేను చచ్చినా లేవను," అంది కసిల్దా. "పంది పొయ్యిలో ఉంది."

అలా మొదటిసారి మేం పారిపోకుండా మిగిలాం.

యజమాని తనే కాగితం పట్టుకుని పైకొచ్చాడు. బండలాంటి మనిషి. డోమితిలా కళ్ళజోడు పెట్టుకుని పావుగంట రాసింది. ఆయన కాగితం అందుకుని, గదిలో అందరూ వినాలని గొంతు పెంచాడు.

"విను ఒనొరాతో, నీ నిర్వాకం! 'పై పేర్కొన్న భోజనశాలలో, వడ్డించు వ్యక్తి...'" అక్కడ గొంతు కాస్త తగ్గింది. "'...ముప్పావుగంటలో పదిహేడుసార్లు మెట్లెక్కి దిగాడు. ఎడమ మడమ వాచి ఉంది. గదిలో నలభై కుర్చీలున్నాయి, అతనికొక్కటీ లేదు. రొట్టె బాగుంది. మనిషి ఇంకా బాగున్నాడు. యజమాని కళ్ళు పరీక్ష చేయించుకోవలెను.'"

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

విసీ ముందు తేరుకుంది. "ఒసేయ్, మరి ఆ రోజు శ్మశానంలో?"

"జనవరి మంచులో పెట్టె మోసిన వాళ్ళకి చేతి తొడుగులు లేవు."

"పళ్ళ డాక్టరు?"

"ఆ నర్సు పిల్లకి ఏడో నెల. పొద్దున్నించీ నిలబెట్టేశాడు."

"ఇన్నేళ్ళూ మాకు చెప్పలేదేమే!"

"చెప్దామంటే మీరుంటేగా? నేను పెన్ను తీసేసరికి వీధిలో ఉంటారు!"

యజమాని చెవులు ఎర్రబడ్డాయి. కిందికి వెళ్ళి, గల్లా దగ్గరి తన మెత్తటి కుర్చీ మోసుకొచ్చి ఒనొరాతోను కూర్చోబెట్టాడు. తర్వాత పందిని కూడా తనే తెచ్చాడు. అక్కడి మర్యాద ప్రకారం దాన్ని పళ్ళెం అంచుతోనే కోసి, ఆ పళ్ళాన్ని నేలకేసి పగలగొట్టాలి. ఆయన కోయడం మొదలుపెట్టి చెమటలు కక్కాడు.

"అలా కాదయ్యా, నిటారుగా పట్టండి," అన్నాడు కుర్చీలోంచి ఒనొరాతో. ముందు భయంగానే అన్నాడు. "వీపు మీద నుంచి... ఇంకా గట్టిగా. ఆఁ, ఇప్పుడు కొట్టండి!"

పళ్ళెం భళ్ళున పగిలింది. గదంతా చప్పట్లు.

డోమితిలా ఒక ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. "ఉప్పు తగ్గింది," అంది.

యజమాని, ఒనొరాతో, మేం ముగ్గురం బల్ల మీది ఆవిడ పెన్ను వైపే చూశాం.

"ఏమిటలా చూస్తారు?" అంది. "ఎవరైనా ఆ ఉప్పు ఇటివ్వండి."