పన్నెండో గొంతు

నా జీవితంలో ఒకే ఒక్క క్యాసెట్టు మీద సమీక్ష రాశాను. ఆ ఒక్కదానితో నా పరువు, మా వారపత్రిక పరువు, వరంగల్ ఎక్కడుందో కూడా తెలియని పదకొండుమంది అమెరికా కళాకారుల పరువు ఒకేసారి పోయాయి. తప్పంతా నాదేనని మా పేట మట్టెవాడలో ఇప్పటికీ అంటారు. ఇది చదివాక మీరూ అదే అంటారు. అయినా చెబుతాను, ఎందుకంటే ఇందులో నాకు జరిగిన అన్యాయాలు నాలుగున్నాయి. ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు.

మొదటిది మేడారంలో జరిగింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మీసం ఉంది, ఉద్యోగం ఉంది, ఓటు హక్కు ఉంది. నా బరువుకు సరిపడా బంగారం సమర్పిస్తానని అమ్మ మొక్కుకుంటే ఇద్దరం జాతరకు వెళ్ళాం. కంగారుపడకండి, అక్కడ బంగారమంటే బెల్లం. మనిషిని తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం పెడతారు. ఆ తక్కెడ నన్ను ఉన్నదానికన్నా నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. బెల్లం మోసేవాళ్ళ వెంట అమ్మ దేవతల గద్దెల వైపు నడిచింది, నేను వెనకే వస్తున్నాననుకుని. నేను మాత్రం తక్కెడవాడితో వాదనలో ఉన్నాను. న్యాయం కోసం వాదించేటప్పుడు నాకు టైము తెలియదు.

అరగంట తరవాత, అడవి మొత్తానికి వినబడేలా మైకులో ఒక గొంతు మొదలైంది.

"మట్టెవాడ నుంచి వచ్చిన రాజమౌళి అనే పిలగాడు తప్పిపోయిండు. నీలం అంగీ తొడుక్కున్నడు. చామనచాయ. ఏమన్న అంటె అలుగుతడు. కనబడ్డోళ్ళు జర మైకు కాడికి తోల్కరావాలె. బిడ్డా రాజమౌళీ, ఎక్కడున్నవ్ బిడ్డా, ఏడ్వకు. మీ అమ్మ ఈడనే ఉన్నది."

నా చుట్టూ ఉన్న లక్షమంది నీలం అంగీ కోసం వెతకడం మొదలుపెట్టారు. ఒక ముసలమ్మ నా చేతిలో అరటిపండు పెట్టి, "ఏడ్వకు కొడుకా" అంది.

నేను మైకు దగ్గరికి చేరేసరికి ఆ మనిషి రెండోసారి అందుకున్నాడు. నా భుజానికి టేప్‌రికార్డర్ వేలాడుతోంది. డోలు చప్పుళ్ళు రికార్డు చేసి పత్రికకు వ్యాసం రాద్దామని తెచ్చుకున్నాను. రెండు రోజులు జాతరంతా తిరిగేసరికి దాని బ్యాటరీలు నాకన్నా ఎక్కువ అలిసిపోయాయి. అయినా సాక్ష్యం సాక్ష్యమే కదా. కిందనే నిలబడి మీట నొక్కి, రెండోసారీ మూడోసారీ అతను చెప్పినదంతా రికార్డు చేశాను. తరవాత మైకు పెట్టిన గుడిసె మెట్లెక్కాను.

"నేనే రాజమౌళిని. ఇగ ఆపుండ్రి."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. పేరు సమ్మయ్య. మాకు రెండు వీధుల అవతలే ఇల్లు.

"నువ్వా తమ్మీ? మీ అమ్మ పిలగాడన్నది."

"ఏ అమ్మకైనా కొడుకు పిలగాడే. మైకుల చెప్పేటోడు వయసు అడగొద్దా?"

"ఏడుస్తాన్న మనిషిని వయసులు అడుక్కుంట కూసుంటరా? నువ్వేం ఫికర్ చెయ్యకు, ఇప్పుడే సరిజేస్త." మళ్ళీ మైకు అందుకున్నాడు. "దొరికిండు. మట్టెవాడ పిలగాడు దొరికిండు. మీసాలు గూడ ఉన్నయ్."

సరిజేయడమంటే ఇది.

రెండో అన్యాయం సదానందం అన్న చేశాడు. మట్టెవాడలో ఆయనదే మైకు సెట్ల దుకాణం, దాంట్లోనే క్యాసెట్ల రికార్డింగ్ సెంటరు. సమ్మయ్య ఆయన దగ్గరే పని చేస్తాడు. ఊరు చేరిన మర్నాడే సాక్ష్యం క్యాసెట్టునూ, మూడు పేజీల ఫిర్యాదునూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"అన్నా, మీ మనిషి లక్షమంది ముందల నా ఇజ్జత్ తీసిండు. మళ్ళ మైకులనే మాఫీ అడగాలె."

"చూస్త తీయ్ తమ్మీ" అని క్యాసెట్టును వినకుండానే పాత బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. గుర్తు చేస్తూ నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు సమ్మయ్య నోటితోనే వచ్చింది: "తప్పిపోయినోణ్ణి తప్పిపోయిండన్న. దానికి మాఫీ ఏంది?"

ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. ఆ మనిషి మైకులో మాఫీ అడిగేదాకా అతని గొంతు గురించి ఒక్క మంచి మాట నా నోట రాదు, నా కలం నుంచీ రాదు. మైకులో సినిమా ప్రచారం చేసుకుంటూ అతని రిక్షా వీధిలోకి వస్తే నేను కిటికీ మూసేవాణ్ణి. ఎండాకాలమైనా సరే.

మూడో అన్యాయం పత్రికది. మా ఊరి వారపత్రికకు నేను ఆరేళ్ళు రాశాను. ఒగ్గుకథల మీద రాశాను, భజన పోటీల మీద రాశాను, కుళాయిల మీద, కుక్కల మీద, దవాఖానలో లిఫ్టు మీద రాశాను. అన్నింటి కిందా 'ఒక పాఠకుడు' అనే అచ్చయ్యేది. పేరెందుకు వేయరని అడిగితే ఎడిటర్ నర్సింహారావు సారు నవ్వేవారు.

"నీ పేరేస్తే నీ మీద ఫిర్యాదులు నాకొస్తయ్, రాజమౌళీ."

ఆ సమయంలోనే సదానందం అన్న బామ్మర్ది దుబాయ్ నుంచి ఒక క్యాసెట్టు తెచ్చాడు. అమెరికాలో ఒకాయన సంగీతం కట్టి, ఊళ్ళలో ఉన్న పాటగాళ్ళనందరినీ అతిథులుగా పిలిచి, తలా ఒక పాట పాడించిన సంకలనం. పాట అన్నానే గానీ, నిజానికి పాడరు. వాయిస్తుంటే మాట్లాడతారు, ఊపిరి తీసుకోకుండా. దాన్ని రాప్ అంటారనీ, ఆ మొత్తం వ్యవహారాన్ని హిప్ హాప్ అంటారనీ కాలేజీ పిల్లలు చెప్పారు. వాళ్ళంతా సదానందం అన్న దుకాణం ముందు సాయంత్రాలు మెడలు ఊపుతూ నిలబడేవాళ్ళు. దూరం నుంచి చూస్తే గింజలు కనబడిన కోళ్ళ గుంపులా ఉండేవాళ్ళు.

ఎడిటర్ సారు నన్ను పిలిచారు. "కాలేజీ పోరగాండ్లు మన పత్రిక కొంటలేరు. ఈ క్యాసెట్ మీద సమీక్ష రాస్తవా? నీకు ఇంగ్లీషు ఎంత అర్థమైతది?"

"సార్, నేను పవర్‌లూముల నడుమ పుట్టిన. ఊపిరి తీసుకోకుంట మోగేది నాకు అర్థం కానిదేమున్నది?"

"బాగ రాస్తే నీ పేరు పూర్తిగ వేస్త. వారం వారం నీకే కాలమ్ ఇస్త."

ఆరేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. ఆ పూటే సదానందం అన్న దగ్గరికి వెళ్ళి ఒక కాపీ అడిగాను. ఆయన కొత్త క్యాసెట్టు తీయలేదు. బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి, చేతికందిన పాత క్యాసెట్టు మీదే ఎక్కించి ఇచ్చాడు. పదకొండు పాటల పేర్లు బాల్ పెన్నుతో కవరు మీద రాసిచ్చాడు. నాకు కొత్త క్యాసెట్టు ఇవ్వకపోవడాన్ని కూడా అన్యాయంగా లెక్క పెట్టాలనిపించింది కానీ, అప్పటికి ఊరుకున్నాను.

మూడు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి విన్నాను. పేర్లు నోరు తిరగవు కనుక అతిథులకు అంకెలు పెట్టుకున్నాను. మొదటి అతిథి పాట సగం దాకా తనెవరో చెప్పాడు, మిగతా సగం తనెవరో మనం మరిచిపోయామేమోనని మళ్ళీ చెప్పాడు. రెండో అతిథి బంధువుల పెళ్ళికి వచ్చి భోజనం చేసి వెళ్ళిపోయినవాడిలా ఎక్కడా కనబడడు. నాలుగో అతిథికి ఎవరో ఏదో అన్నారు. పాటంతా వాళ్ళను తిట్టాడు. అతను నాకు నచ్చాడు. ఏడో అతిథి దగ్గరికి వచ్చేసరికి నాకు తలనొప్పి మొదలైంది. తొమ్మిది, పది ఒకరి పాటలో ఒకరు దూరారు. ఒకడి మాట ఒకడు లాక్కుంటూ, బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాడినట్టు.

"ఇంట్ల మగ్గాల మోత ఆగినంక గూడ మోతేనా బిడ్డా?" అంది అమ్మ.

పదకొండో పాట అయిపోయింది. ఇక ఆపుదామని లేచాను. అప్పుడు వచ్చాడు పన్నెండోవాడు.

కవరు మీద పేరు లేదు. సంగీతం కూడా సరిగా లేదు, వెనక ఎక్కడో పిచ్చెక్కినట్టు మోగే డోళ్ళు తప్ప. కానీ ఆ వేగం. మిగతా పదకొండు మందీ అతని ముందు ఎడ్లబండ్లు. సన్నని గొంతు, పిట్ట అరిచినట్టు. ఒకే మాటల వరస రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ చివర్లో ఒక జాలి. ఎవరినో పిలుస్తున్నాడు. ఎవరికోసమో వెతుకుతున్నాడు. నేను ఇరవైసార్లు విన్నాను. నిజం చెప్పాలంటే ఒకసారి కళ్ళు కూడా తుడుచుకున్నాను.

తరవాత కోపం వచ్చింది. ఇంత గొప్పగా పాడినవాడికి పేరు లేకుండా చేస్తారా? ఆరేళ్ళు 'ఒక పాఠకుడు'గా బతికినవాడికి ఆ బాధ తెలియదా? కలం తీశాను.

గురువారం పత్రిక వచ్చింది. సమీక్ష అరపేజీ, కింద నా పేరు పూర్తిగా. చివరి పేరా ఇలా ఉంది: "ఈ సంకలనంలో నిజమైన కళాకారుడు ఒక్కడే. అతను పన్నెండోవాడు. ఆ గొంతులో ప్రపంచంలోని తల్లులందరి వేదన ఉంది. అతను వెతుకుతున్న ఆ దురదృష్టవంతుడు ఎవరో మనకు తెలియదు. ఎక్కడున్నా ఆ పిలుపు వింటే పరుగెత్తుకొచ్చేవాడే. ఇంతటివాడి పేరు దాచిపెట్టినవాళ్ళు బహిరంగంగా క్షమాపణ చెప్పాలి."

మధ్యాహ్నానికి కాలేజీ పిల్లలు సదానందం అన్న దుకాణం మీద పడ్డారు. "మాకు పదకొండే ఇచ్చినవ్. పన్నెండోది ఏది అన్నా?" ఆయన నాకు కబురు పంపాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యాసెట్టు పట్టుకుని, పేరున్న రచయితలా నడుచుకుంటూ వెళ్ళాను. ఎడిటర్ సారు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నారు. మూలన సమ్మయ్య మైకు వైర్లు చుట్టుకుంటున్నాడు. అతని వైపు చూడలేదు.

"దుబాయ్ క్యాసెట్ల పదకొండే ఉన్నయ్ తమ్మీ" అన్నాడు సదానందం అన్న.

"మీరు సరిగ వినలేదన్నా. వినే చెవి ఉండాలె."

పదకొండో పాట చివరికి తిప్పి, క్యాసెట్టు పెద్ద డెక్కులో పెట్టాను. మీట నొక్కబోతుంటే కరెంటు పోయింది.

"ఆగుండ్రి, బ్యాటరీది ఉన్నది" అని సదానందం అన్న లోపలి నుంచి ఒక పాత టేప్‌రికార్డర్ తెచ్చాడు. దాని బ్యాటరీలు ఏ కాలంలో వేశారో ఆయనకే తెలియదు. మీట నొక్కగానే చక్రాలు నిద్రలో నడిచినట్టు కదిలాయి. పదకొండో అతిథి బురదలో కూరుకుపోయిన బర్రెలా మూలిగి ఆగిపోయాడు. పిల్లలు నవ్వారు.

"నవ్వకుండ్రి. ఇప్పుడు వినుండ్రి" అన్నాను.

డోళ్ళు నిదానంగా మోగాయి. ఆ తరవాత, స్పష్టంగా, నింపాదిగా, అచ్చ తెలుగులో:

"మట్టెవాడ నుంచి వచ్చిన రాజమౌళి అనే పిలగాడు తప్పిపోయిండు. నీలం అంగీ తొడుక్కున్నడు..."

దుకాణంలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. హిప్ హాప్ అంటే అదే మరి.

"...ఏమన్న అంటె అలుగుతడు..."

సమ్మయ్య వైర్లు కింద పెట్టి లేచాడు. "అరే, ఇది నా గొంతు."

విషయం సదానందం అన్నకే మొదట తట్టింది. అలిసిపోయిన బ్యాటరీలతో రికార్డు చేస్తే టేపు మెల్లగా తిరుగుతుంది; దాన్నే మంచి కరెంటు మీద వేస్తే మాట పరుగెత్తుతుంది. "తమ్మీ, ఇది నీ సాక్ష్యం క్యాసెట్టే. పాటలు పదకొండు ఎక్కినయ్, మిగిలిన జాగల నీ ఫిర్యాదు అట్లనే ఉన్నది."

ఒక కాలేజీ పిల్లవాడు పత్రిక విప్పి గట్టిగా చదివాడు. "అతను వెతుకుతున్న ఆ దురదృష్టవంతుడు ఎవరో మనకు తెలియదు."

"ఇప్పుడు ఎరికైంది" అన్నాడు ఇంకొకడు.

సమ్మయ్య మాత్రం నవ్వలేదు. పత్రిక తీసుకుని, చివరి పేరా మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ రెండుసార్లు చదువుకున్నాడు. "ప్రపంచంల తల్లులందరి వేదన. ఇరవై ఏండ్ల సంది మైకు పట్టిన తమ్మీ, ఒక్కడు గూడ ఇట్ల రాయలే." ఆగి అన్నాడు, "నా పేరు దాచినోళ్ళు మాఫీ చెప్పాలె అని గూడ రాసినవ్. పేరు వెయ్యకుంట రాసింది నువ్వే గద?"

ఎడిటర్ సారు నా వైపు చూశారు. "తప్పైందని, ఆ పేరా వాపసు తీసుకుంటున్ననని రాసియ్యి. నీ కాలమ్ ఉంటది."

దారి తేలికగానే ఉంది. ఆ గొంతు బాగాలేదని ఒక్క వాక్యం రాస్తే చాలు. రాస్తే నా ఒట్టూ నిలిచేది, పత్రికలో నా కాలమ్ కూడా నిలిచేది. కానీ నేను రాసింది అబద్ధమని ఒప్పుకోవడం కన్నా అవమానం ఇంకేముంటుంది?

"రాయను సార్. ఆ పన్నెండు మందిల ఈయనే గొప్పోడు. ఈయన మీద నాకున్న ఫిర్యాదు వేరే, అది ఇంకా ఉన్నది."

సమ్మయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. తీసేశాను.

నాలుగో అన్యాయం మరుసటి గురువారం అచ్చయింది. సారు నా కాలమ్ వేయలేదు, దాని చోట పెట్టె కట్టి ఇలా వేశారు:

"సవరణ: గత సంచికలో ప్రస్తావించిన పన్నెండో కళాకారుడి పేరు సమ్మయ్య, మట్టెవాడ. ఆయన వెతుకుతున్న వ్యక్తి మా సమీక్షకుడే. దొరికాడు."

ఆ సవరణను సమ్మయ్య సినిమా ప్రచారానికి ముందు, రిక్షాలో, వీధి వీధినా చదివాడు. మా ఇంటి ముందు రెండుసార్లు. అమ్మ కిటికీ తెరిచి వింది.

అందుచేత పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ కళాకారుణ్ణీ, ఏ దేశంవాడినీ, కొత్త బ్యాటరీలు వేసి వినకుండా పొగడను. పేరు లేనివాడి పక్షాన కలం పట్టే ముందు, అతను పిలుస్తున్నది నన్ను కాదని రూఢి చేసుకుంటాను. నీలం చొక్కా తొడుక్కోను.

మాఫీ మాత్రం సమ్మయ్య ఇంకా అడగలేదు. ఐదో ఉత్తరం రాస్తున్నాను.