పెట్టెలో రాసిన ‘మందు’

అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫాలో నేను డ్రైవరుగా చేసిన ఇంటి యజమానిని అందరిలాగే నేనూ బాబా అనేవాణ్ణి. మట్టి బిళ్ళలను గాల్లోకి ఎగరేయించి తుపాకీతో కొట్టడం ఆయనకు పిచ్చి. పేల్చిన తూటాల ఖాళీ గొట్టాలను పారేయకుండా మళ్ళీ తనే నింపుకునేవాడు. లైసెన్సు ఉంది. మందు ఉంచే బీరువా తాళంచెవి ఆయన జేబు దాటేది కాదు. పనిముట్లు మాత్రం గ్యారేజీలో తలా ఒక మూల ఉండేవి. శుక్రవారం అల్ రువైస్‌లోని సముద్రం పక్క ఇంటికి వెళితే ప్రతిసారీ ఏదో ఒకటి గ్యారేజీలోనే ఉండిపోయేది. ఒకసారి గరాటు, ఒకసారి చిన్న త్రాసు. మరచింది ఆయన, తిట్లు నాకు. ఆ తిట్లన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను.

అన్నీ ఒకేచోట ఇమిడే పెట్టె చేస్తానని నేనే అన్నాను. మధ్యాహ్నాలు బండి పని లేనప్పుడు, ఏసీ లేని గ్యారేజీలో కూర్చుని చేశాను. పాత ఇనప పెట్టెలో పరుపు స్పాంజి పరిచి, ఒక్కో వస్తువు ఆకారంలో గుంత కోశాను. చేత్తో నొక్కే ప్రెస్సుకు ఒకటి, త్రాసుకు ఒకటి, గరాటుకు, కొలత చెంచాకు, గొట్టాలు నిలబెట్టే చిల్లుల చెక్కకు. అరబ్బీ రాయడం రాదు కాబట్టి ప్రతి గుంత పక్కనా తెలుగులో పేరు రాశాను. సీసా పెట్టాల్సిన గుంత దగ్గర ‘మందు’ అని రాశాను. మా రాయచోటి వైపు తుపాకీలో కూరేదాన్ని మందనే అంటాం.

ఆ ఇంట్లో నేను కాక తెలుగు చదవగలిగినవాడు వంటమనిషి ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి, వయసులో నాకంటే పెద్ద. స్క్రూడ్రైవర్ కోసం పెట్టె తెరిచి, ఆ మాట చదివి, నన్ను ఒక్క ముక్క అడక్కుండా నేరుగా యజమానురాలి దగ్గరికి వెళ్ళాడు. డ్రైవరు సారా దాస్తున్నాడని చెప్పాడు. ఆ మాట నిలిస్తే వీసా రద్దు, ఇంటికి విమానం. తాగుబోతని పంపేశారంటే ఊళ్ళో ఎవరికి ఏమని చెప్పుకోను?

ఆమె నన్ను వాకిట్లో నిలబెట్టి, నా నోరు వాసన చూడమని అతనికే చెప్పింది. చూశాడు, తీరిగ్గా.

“స్మెల్ మాఫీ, మామా,” అన్నాడు ఆమెతో, వాసన లేదమ్మా అని. అక్కడితో ఊరుకోలేదు. సీసా లేని గుంత చూపించి, “బోతల్ ఖలాస్,” అన్నాడు, సీసా ఖాళీ చేసేశాడని.

“ఏందన్నా, నీకు నేనేం ద్రోహం చేసినా?”

“నువ్వే రాసినవ్ గద తమ్మీ. మందు అంటే మందే.”

“అది తుపాకి మందు.”

“గట్లయితే పూరాగ రాయాలె. నువ్వు సగం రాస్తే నేను సగమే చదువుత.”

ఆమె నా పాస్‌పోర్టు తెమ్మంటుండగా బాబా నమాజు నుంచి వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు. లోపలికి వెళ్ళి, బీరువాలోని మందు సీసా తెచ్చి ఆ గుంతలో పెట్టాడు. కొలిచి కోసిన గుంత, సీసా కదలలేదు. పెట్టె మూసి ఊపి చూసి, “జైన్,” అన్నాడు. బాగుందని. పెట్టె బాగుందన్నాడు. నా గురించి ఒక్క మాట లేదు. యజమానురాలు లోపలికి వెళ్ళిపోయింది. వంటమనిషి టీ తెచ్చాడు, చక్కెర ఎక్కువేసి. తాగాను గానీ, దాన్ని క్షమాపణ కింద లెక్కేయలేదు.

ఆ శుక్రవారం రువైస్‌లో బాబా ఏదీ వెతుక్కోలేదు. తల తిప్పకుండా చెయ్యి చాపేవాడు, అడిగే లోపే ఆ వస్తువు అందించేవాణ్ణి. అవతల వంటమనిషి చేపలు వేయించేవాడు, గాలికి ఆ వాసన మా దాకా వచ్చేది. అలాంటి శుక్రవారాలు ఎన్నో గడిచాయి. తర్వాత బాబాకు చూపు తగ్గి తుపాకీ మానేశాడు. నేను వేరే ఇంటికి మారాను. అంత హాయిగా మళ్ళీ ఎక్కడా పని చేయలేదు.

వంటమనిషి ఇప్పటికీ ఫోన్ చేస్తాడు.

“ఇంకా మర్సిపోలేదా తమ్మీ?”

“లేదు. తప్పయిందను.”

“కూరేం వండినవ్?” అంటాడు.

చెప్పను. ఫోన్ కూడా పెట్టేయను.