నాలుగో చిలప

మొన్న పామర్రులో బస్సు కోసం నిలబడి ఉంటే, టీ కొట్టాయన ఊక పొయ్యి రాజేశాడు. పొగ ముక్కుకు తగిలి కళ్లు మండాయి. పక్కవాళ్లు విసుక్కుంటుంటే నాకు మాత్రం నవ్వొచ్చింది. జుబేదా టీచరు గుర్తొచ్చారు.

ఆవిడ పటమట నుంచి రోజూ బస్సులో మా ఊరి హైస్కూలుకు వచ్చి సైన్సు చెప్పేవారు. మాది నేతపని. అప్పటికి నాకు నలభై దాటాయి, అక్షరమ్ముక్క రాదు. ఒకరోజు ఆవిడ ఎనిమిదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని మా మగ్గం దగ్గరికి వచ్చి, "నాంచారమ్మగారూ, గాలికి బట్ట నేసిపెడతారా?" అన్నారు. నేను తెల్లబోయాను. "గాలిలో మురికి పిల్లల కంటికి కనబడాలండీ. తెల్ల నూలు కట్టలు, అదే మీరనే చిలపలు, నాలుగు చోట్ల పదిహేను రోజులు వేలాడదీస్తాం. మీరు వాటిని ఉతక్కుండా, ఉన్నదున్నట్టు చారలుగా నేసివ్వాలి. బెజవాడ ఎగ్జిబిషన్‌లో పెడదాం" అన్నారు. ఒక చిలప ఆవిడ పటమట డాబా మీద కట్టారు, ఒకటి హనుమాన్ జంక్షన్‌లో లారీలు ఆగేచోట, ఒకటి చేలగట్టున. నాలుగోది మా వంటింటి దూలానికి. పల్లెటూరి ఇల్లు కదా, అదే అన్నిటికన్నా తెల్లగా ఉంటుందని పిల్లల పందెం.

పదిహేనో రోజున పిల్లలు మూడు చిలపలు తెచ్చిచ్చారు. జంక్షన్‌ది బూడిద రంగు తిరిగింది. నాలుగోది నేనే దించి చూద్దును కదా, దానికంటే నలుపు! నాంచారమ్మ వంటిల్లు లారీల రోడ్డు కంటే మసి అని ఊరంతా చెప్పుకోదూ? ఎవరూ చూడకముందే కుంకుడు రసంలో నానేసి, ఉతికి ఆరేసి, చివరి చారగా నేసేశాను. పిల్లలు గంతులేశారు. "టీచర్, పెద్దమ్మ ఇల్లు చూడండి, మల్లెపువ్వే!" టీచరు చారల మీద వేళ్లతో రాసి చూస్తూ, పిల్లలు వెళ్లేదాకా ఆగారు.

"మూడూ గరుగ్గా ఉన్నాయి. ఇదొక్కటే మెత్తగా ఉందేమండీ?"

"పరువు పోతుందని ఉతికానండీ" అన్నాను తల వంచుకుని.

"మసి పొయ్యిది, మీది కాదు. నేనొచ్చిన ప్రతిసారీ దగ్గుతూనే మాట్లాడతారు మీరు. మా అమ్మా అంతే. ఆవిడ వంటింట్లో కట్టుంటే మిమ్మల్ని ఓడించేసేది." ఇద్దరం నవ్వేశాం. తర్వాత నెమ్మదిగా, "పిల్లలు ఇదే నిజమని రాసుకుంటారు. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నారు.

మర్నాడు నేనే చెప్పాను. ఆ చారను పోగు పోగూ లాగేసి, కొత్త చిలప దూలానికి కట్టాను. "పెద్దమ్మా, ఈసారి దానికి తలంటు పోయకే!" అంటూ ఒక పిల్ల రోజూ వచ్చి కాపలా కాసింది. ఆ పదిహేను రోజులూ మధ్యాహ్నం బడి విరామంలో టీచరు నా చేత పలక పట్టించారు. ఎగ్జిబిషన్‌లో పెట్టే చీటీ మీద ఏ చోటి పేరు ఆ చోటివాళ్లే రాయాలట, పిల్లలకూ అదే రూలట. అలా నేను మొట్టమొదట రాసిన మాట 'మా వంటిల్లు'.

ఎగ్జిబిషన్‌లో ఒకాయన చీటీ చూడకుండానే అన్నిటికన్నా నల్లటి చార మీద వేలుపెట్టి, "ఇదెక్కడి రోడ్డమ్మా?" అన్నాడు. పిల్లలంతా నా వంక చూశారు. "రోడ్డు కాదండీ, నా వంటిల్లు. ముందోసారి ఉతికి దాచాను కూడానూ" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. పక్కనున్న ఆయన భార్య నవ్వలేదు. ఆ చారను తడిమి, "మాదీ ఇంతేనేమో అక్కా" అంది.

టీచరు పోరు పడలేక వంటింటికి పొగగొట్టం పెట్టించాను. మిగతా అక్షరాలూ ఆవిడ దగ్గరే దిద్దాను. ఇది రాస్తూ కూడా, ఆ కుంకుడు రసం సంగతి ఎందుకులే, వదిలేద్దామా అని రెండు రోజులు పెన్ను ఆపాను. చివరికి కాగితం దాంతోనే నిండింది.