వాసన చూసే పెద్దమ్మ

ఆ సాయంత్రం పెద్దమ్మ దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూసి, మొహం చిట్లించి పారబోసింది. నాకు భయం మొదలైంది అప్పుడే.

దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున మా వాడంతా యాత్రికులకు గదులు కిరాయికిస్తాం. వాళ్ల స్నానాల నీళ్లు, గదులు కడిగిన నీళ్లు మెట్టతామర మొక్కలు పెంచిన మడిలోకి పోయి, తేటపడి, పిల్లలు ఈదే వాగులో కలుస్తాయి. వాడ తరఫున ఆ మడిని చూసుకునేది పెద్దమ్మే. రోజూ వాసన చూసి, "మంచిగున్నయ్, పోనీయ్" అనేది.

ఆ రోజు మాత్రం మడిలో మాడిన ఆకులు చూపించింది.

"ఏం పోసినవ్ బిడ్డా?"

"వారం నుంచి యాసిడ్‌తో గదులు కడుగుతున్న పెద్దమ్మా. ఇంతమంది వచ్చి పోతున్నరు, పిల్లలకు రోగాలొస్తయని."

"సదువుకున్నదానివి, నీకు చెప్పేటోళ్లెవరు? మురికిని తినేటియి ఆ మొక్కలే కదనే."

ముందురోజే నా పిల్లలిద్దరూ వాగులో ఈదారు.

"నీళ్లు ఆపలేమా?"

"గదులన్నీ నిండినయ్. తానాలు చెయ్యొద్దని చెప్తవా? కొత్తయి నాటినా నెలలు పడతయ్."

చీకటి పడేదాకా ఇద్దరం మాడిన దుబ్బులు పీకాం. నీళ్లు వస్తూనే ఉన్నాయి.

పొద్దున పిల్లలతో చెప్పాను: "పెద్దమ్మ 'పోనీయ్' అనేదాకా వాగుకు పోవద్దు. నీళ్లు పాడుచేసింది నేనే."